దొర వెనక ఉన్నాడు

2005 నవంబరు 9, బుధవారం, పొద్దున పదిన్నరకు మా ఇంట్లో దొర పటం అద్దం పగిలింది. పగలగొట్టింది నేనే. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. ఆ తర్వాత జరిగినవాటిలో ఏది ఎవరి తప్పో నాకు ఈరోజుకీ తేలలేదు. తేలింది ఇదొక్కటే.

మా ఇల్లు సారపాకలో. గోదావరికి మేము ఈ ఒడ్డు, భద్రాచలం ఆ ఒడ్డు. ఇప్పుడు వంతెన మీద ఆటోలో పది నిమిషాల దారి. మా అత్తమామల కాలంలో ఈ ఒడ్డు నైజాంది, ఆ ఒడ్డు ఇంగ్లీషువాళ్లది. పడవ దిగితే రాజ్యం మారేది, రూపాయి మారేది. అప్పట్లో ఆ ఒడ్డున ఒక మిషన్ ఆస్పత్రి ఉండేది. అందులో ఒక దొర డాక్టరు.

1925లో మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, రెండేళ్లు. జ్వరం వచ్చి కళ్లు తేలేసిందట. మా మామగారు పిల్లను భుజాన వేసుకుని పడవ దాటించి ఆ దొర బల్ల మీద పడుకోబెట్టాడు. పదకొండు రోజులకు పిల్ల లేచి గంజి అడిగింది. దొర 1929లో తన దేశం వెళ్లిపోయాడు. 1935లో ఆయన ఫోటో ఒకటి ఆస్పత్రికి వచ్చిందనీ, కంపౌండరు దాన్ని మా మామగారికి ఇచ్చాడనీ, మామగారు భద్రాచలంలో పటం కట్టించి తెచ్చాడనీ ఇంట్లో చెప్పుకునేవారు. పటం ఇరవైరెండు అంగుళాల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు. అందులో గడ్డం, మీసం ఉన్న ఒక పెద్దమనిషి. పాపిట తీసిన జుట్టు. ఛాతీ నిండా పతకాలు, భుజం మీదుగా అడ్డంగా ఒక పట్టీ. చూపు కొంచెం ఎడమకు ఉంటుంది.

మా వదిన పెళ్లి చేసుకోలేదు. నర్సు చదివింది. 1947 నుంచి 1978 దాకా ముప్పై ఒక్క ఏళ్లు అడవి ఊళ్లలో కాన్పులు చేసింది. పొద్దున డ్యూటీకి పోయే ముందు పటం ముందు నిలబడి ఆ కళ్లలోకి చూసి ఒక్క మాట అనుకునేది. మేము ప్రొటెస్టెంట్లం, పటాలకు మొక్కం. ఇది మొక్కు కాదనేది వదిన. "పెద్ద డాక్టరుకు చెప్పి పోతున్న, అంతే" అనేది.

1955లో నేను ఆ ఇంటి కోడలినయ్యాను. మా అత్తగారికి ఒక అలవాటు ఉండేది. ఇంట్లో ఎవరైనా పరీక్షకు పోతున్నా, దవాఖానాకు పోతున్నా, పటం దగ్గరికి వెళ్లి చెయ్యి దాని వెనక్కి పోనిచ్చి రెండుసార్లు తట్టేది. తట్టి, "దొర ఎనక ఉన్నడు, భయం లేదు" అనేది. నేను బడిలో టీచరుగా చేరిన రోజు నాతో కూడా అన్నది. మనకు అండగా ఉన్నాడని దీవించిందనుకున్నాను. పటం వెనక తట్టడం బల్లి ఉందేమో చూసుకోవడానికి అనుకున్నాను. లెక్కల టీచరును. రెండిటికీ రెండు వేర్వేరు కారణాలు చూసుకుని ఊరుకున్నాను.

2005లో మా చర్చికి డెబ్బై అయిదేళ్లు నిండాయి. నవంబరు 27, ఆదివారం పండుగ పెట్టారు. చర్చికి మొదటి రాయి వేయించింది ఆ డాక్టరు దొరేనని అందరి నమ్మకం. ఆయన దేశం వదిలి వెళ్లిన ఏడాదికి చర్చి పూర్తయింది. అందుకని దొర పటాన్ని చర్చిలో పెడదామని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అడిగాడు. వదిన ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, ఆ దొర తనను ఎట్లా బతికించాడో ఆ రోజు అందరి ముందు తన సాక్ష్యంగా తనే చెబుతానంది. ఎనభై రెండేళ్ల మనిషి. పటం కింద ఎవరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని ఒక రేకు మీద రాయించే పని నాకు అప్పగించారు. అరవై ఏళ్లుగా తేదీలు రాసుకునే మనిషికి ఇవ్వదగ్గ పనే. ఆ రేకు కోసమే పటం దించి తుడిచాను. అప్పుడే చెయ్యి జారింది.

శుక్రవారం ఆటోలో భద్రాచలం వెళ్లాను. పటాలు కట్టే సాయిబు దుకాణానికి తాళం ఉంది. జుమ్మా నమాజు రోజని మరిచిపోయాను. మళ్లీ శనివారం వెళ్లాను. ఆ దుకాణం మూడు తరాలుగా ఉంది. గుడికి వచ్చేవాళ్లు కొనుక్కునే రాములవారి పటాలన్నీ ఆ ఇంటివాళ్లే కడతారు. సాయిబుకు అరవై ఉంటాయి. నేను దుప్పటి విప్పి పటం బల్ల మీద పెట్టగానే ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.

"బాద్షా! గీ బాద్షాను ఏడ దొరకబట్టినవు టీచరమ్మా?"

"బాద్షా ఎవరు? ఈయన మా డాక్టరు దొర."

"ఏం డాక్టరమ్మా! ఇంగ్లీషోళ్ల చక్రవర్తి. మా అబ్బా గిట్లాంటివి ఎన్ని కట్టిండో లెక్కలేదు. తాసీల్దారు కచేరీల ఇదే, బడిల ఇదే, పోలీసు ఠాణాల ఇదే."

"చక్రవర్తి అయితే కిరీటం ఏది?"

"పొద్దస్తమానం పెట్టుకుంటడా? నెత్తి నొప్పి లేస్తది."

"పతకాలు డాక్టర్లకు కూడా ఇచ్చేవాళ్లు. మిషన్ డాక్టర్లకు సర్కారు పతకం ఇచ్చినట్టు నేను చదివిన."

"ఒక్కటిస్తరు. గిన్ని ఇస్తరా? లెక్కపెట్టు, నువ్వు లెక్కల టీచరువే కదా."

లెక్కపెట్టాను. తొమ్మిది. అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. 1980లో చర్చి యాభై ఏళ్లకు పదహారు పేజీల చిన్న పుస్తకం రాసింది నేనే. "దొరగారు అప్పటికి సుమారు నలభై అయిదేళ్లవారు, గంభీరమైన చూపు, కరుణ గల కళ్లు" అని అందులో రాశాను. ఆ నలభై అయిదు ఈ ముఖం చూసి కట్టిన లెక్కే.

సాయిబు నన్ను బయటికి పిలిచాడు. దుకాణం మెట్ల పక్కన ఒక కోయ ఆమె కొండచీపుళ్లు అమ్ముతోంది. ఆమె మెడలో పాత రూపాయల దండ ఉంది. "ఆ రూపాయల మీద ఉన్నది గీయనే. చూడు" అన్నాడు. నేను వంగి ఆమె మెడలోకి చూడబోయాను. ఆమె చీపురుకట్ట అడ్డం పెట్టింది.

"ఏందమ్మా, చీపురు కొననీకి వచ్చినవా, నా మెడ కొననీకి వచ్చినవా?"

"రూపాయి మీద రాజును చూస్త తల్లీ."

"చూడు మరి. చూస్తే అరగడు. గీ బోడాయన ఒకడు, గీ ముసలమ్మ ఒకతి, గీ కిరీటమాయన ఒకడు. ఎవరు కావాలె నీకు?"

కిరీటమాయన కావాలన్నాను. పదహారు రూపాయల్లో ఏడింటి మీద ఆయనే ఉన్నాడు. పక్కకు తిరిగిన ముఖం. గడ్డం ఉంది. ముక్కు అరిగిపోయింది. మూడు తరాల మెడల చెమటకు చెవి కూడా నున్నగా అయింది. పటంలో ఆయన ముఖం పూర్తిగా కనబడుతుంది, కిరీటం లేదు. ఇక్కడ పక్కకు చూస్తాడు, కిరీటం ఉంది. ఒక మనిషి సగం ముఖాన్ని ఇంకో మనిషి పూర్తి ముఖంతో ఎట్లా సరిపోల్చాలి?

"ఈయన ఛాతీ మీద పంది ఉంటది" అన్నది కోయ ఆమె, ఆ రూపాయిని వెలుగుకు పట్టి చూపిస్తూ.

"పంది కాదు, ఏనుగు" అన్నాడు సాయిబు.

"ఏనుగుకు తొండముండదా? మా అవ్వ చెప్పింది, పందే."

నేను కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. పందిలాగే ఉంది, ఏనుగులాగా కూడా ఉంది. ఒక రాజ్యం తన రాజు రొమ్ము మీద ఏముందో కూడా జనానికి సరిగ్గా చూపించలేకపోయింది. నేను ఆ గడ్డం చూసి వయసు లెక్కకట్టాను. ఆమె దగ్గర రెండు చీపుళ్లు కొని దుకాణంలోకి వచ్చాను.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. మా ఒడ్డున నైజాం రూపాయి మీద మనిషి ముఖమే ఉండేది కాదు. చార్మినారు ఉండేది. నేను పుట్టింది సత్తుపల్లి వైపు, అదీ నైజాం కిందే. చిన్నప్పుడు నా చేతిలో పడిన ప్రతి రూపాయి మీదా చార్మినారే. ఆ ఒడ్డున చీపుళ్లు అమ్మే ఆమె కూడా గుర్తుపట్టే ముఖాన్ని ఈ ఒడ్డున బడి టీచరునైన నేను గుర్తుపట్టకపోవడానికి కారణం అదేనేమో. అంతేనా? పాఠం పుస్తకాల్లో ఆ చక్రవర్తి బొమ్మ చూడకపోలేదు. తపాలా బిళ్లంత ఉండేది. ఇంట్లో రోజూ కనబడే ముఖాన్ని ఎవరూ పుస్తకంలో వెతకరు కదా.

"విప్పండి సాయిబుగారూ" అన్నాను.

ఆయన పటం బోర్లా తిప్పి ఒక్కసారి ఆగిపోయాడు. వెనక అట్టను పట్టి ఉంచినవి ఇనప మేకులు కావు, చెక్కిన వెదురు చీలలు. మొత్తం పన్నెండు.

"ఇది మా తాత చెయ్యి" అన్నాడు మెల్లగా. "గోదారి తేమకు ఇనుము తుప్పు పడతదని ముదురు వెదురు చెక్కి చీలలు కొట్టేటోడు. ఆయన తప్ప ఇంకెవరూ గట్ల కొట్టలే."

ఒక్కొక్క చీల ఊడదీశాడు. పదకొండు బాగానే వచ్చాయి, ఒకటి విరిగింది. వెనక అట్ట తీస్తే మొదట బడుల్లో వాడే పాత దేశపటం కాగితం ఒకటి కనబడింది. అందులో ఇంగ్లీషువాళ్ల నేలంతా గులాబి రంగు, మా నైజాం పసుపు. మధ్యలో గోదావరి సన్నటి నీలం గీత. దాని ముందు గుడ్డ తానుల మీద అంటించే రంగు కాగితం ఉంది. మీద ముసుగు వేసుకున్న ముసలి రాణి. "మా పనిల బొమ్మ ఉన్న కాగితం పారెయ్యరు. పాతది ఎనకకు పెట్టి నింపుతరు" అన్నాడు సాయిబు. దాన్ని కూడా తీశాడు.

రాణి తర్వాత అరచెయ్యంత ఫోటో ఒకటి మా వైపు చూస్తూ బయటపడింది. ఆస్పత్రి వరండా. మెట్ల మీద కూర్చున్నవాళ్లు, నిలబడ్డవాళ్లు తొమ్మిది మంది. మధ్యలో తెల్ల దుస్తుల మనిషి. తల మీద దొరటోపీ. ఎండ నిట్టనిలువుగా ఉన్నట్టుంది, టోపీ అంచు నీడ గడ్డం దాకా పడింది. ముఖం లేదు. నీడ ఉంది.

ఆ ఫోటో వీపు గడ్డపాయన కాగితం వీపుకు ఆనుకుని ఉంది. అంటే ఒకాయన గదిలోకి చూస్తున్నాడు, ఇంకొకాయన గోడకేసి చూస్తున్నాడు. ముందు కాగితం అంచు లోపలికి మడిచి ఉంది. సాయిబు మడత విప్పాడు. ఇంగ్లీషులో రాజు, చక్రవర్తి అనే మాటలు. వాటి కింద రెండు ఏళ్లు, 1910, 1935.

నేను స్టూలు అడిగి కూర్చున్నాను.

"1935ల ఆయన గద్దెనెక్కి పాతికేండ్లు. ఆ ఒడ్డున ఊరూరా జలసాలట. బడిల, ఆస్పత్రిల ఈ కాయితాలు పంచిన్రని మా అబ్బా చెప్పేటోడు" అన్నాడు సాయిబు. అంతలోనే చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "అర్థమయింది టీచరమ్మా. కంపౌండరు ఫోటో నలగకుండ ఈ కాయితంల చుట్టి ఇచ్చి ఉంటడు. మీ మామగారు చుట్టినది చుట్టినట్టే తెచ్చి మా తాతకిచ్చి ఉంటడు. మా తాతకు రాజు మొఖం తెలుసు. పటం కట్టమన్నది రాజునేననుకున్నడు. చిన్న ఫోటోను పారెయ్యలేక ఎనక పెట్టిండు. బొమ్మకు బొమ్మ ఆనితే తేమకు అతుక్కుపోతదని వీపుకు వీపు పెట్టిండు. అది ఆయన పద్ధతి." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఈ సంగతి బజార్ల చెప్పకమ్మా. మూడు తరాల దుకాణం. సాయిబు తాత డాక్టరు బదులు బాద్షాను కట్టిండంటే నవ్వుతరు."

ఆయన చెప్పింది బాగానే కుదిరింది. ఆటో వంతెన ఎక్కే దాకా కుదిరింది. వంతెన మధ్యకు వచ్చేసరికి చెదిరిపోయింది. ఎందుకంటే మా మామగారికి దొర ముఖం తెలుసు. పదకొండు రోజులు ఆయన ఎదురుగా నిలబడ్డ మనిషి. పటం చేతికి రాగానే ఇది దొర కాదని తెలిసి ఉండాలి. మళ్లీ పడవ దాటి పోయి మార్పించడానికి మొహమాటపడ్డాడా? రంగుల కాగితం పెద్దగా, అందంగా ఉందని ఊరుకున్నాడా? ఇంటికి చేరేలోపు మూడు కారణాలు అనుకున్నాను, ఒక్కటీ నిలవలేదు.

వదిన మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"తెచ్చినవానే దొరను?"

"తెచ్చిన వదినా. ఇద్దరిని తెచ్చిన."

"ఇద్దరేంది?"

దాచాలనుకోలేదు. చెప్పాలని కూడా నిర్ణయించుకోలేదు. నోటికి వచ్చింది. కాగితం, ఫోటో రెండూ మంచం మీద పరిచి, అంచు మడత విప్పి చూపించి, సాయిబు అన్నదంతా వరసగా చెప్పాను. నేను పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు వాడిన భూతద్దం తీసుకుని వదిన ఫోటోను కిటికీ వెలుగులో పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"మొఖమేదే?"

"టోపీ నీడల ఉంది."

"ముక్కన్న కనపడదే." భూతద్దం కింద పెట్టి గడ్డపాయనకేసి తిరిగింది. "మరి డెబ్బై ఏండ్ల సంది నేనెవరితోని మాట్లాడిన్నే? డ్యూటీకి పోయే ముంగట ఈ కండ్లు చూసే పోయిన. ఇయ్యాల ఒక్క పానం కూడ పోవద్దు పెద్ద డాక్టరూ అని చెప్పిన. ఆ చెప్పుడంత రాజుకు చెప్పిన్నా? ఈయనకు కాన్పులంటే ఏం తెలుసే?"

నాకు రేకు మీద రెండు ఏళ్లు రాయవలసిన పని. ఆమెకు ముప్పై ఒక్క ఏళ్ల పొద్దులు. తన బతుకంతా ఆ ముఖం చూసి నడుచుకున్న మనిషి. పదిహేను రోజుల్లో చర్చిలో అందరి ముందు నిలబడి ఇదిగో నన్ను బతికించినవాడు అని వేలెత్తి చూపించాలి. ఆ వేలు ఎవరి మీదికి పోతుంది?

వదిన మళ్లీ చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది. "పానాలైతే నిలబడ్డయి" అన్నది తనలో తనే. "ఎవరన్న ఇన్నరో, ఎవరు ఇన్లేదో. అమ్మ గూడ రోజూ చెప్పేది కద, దొర ఎనక..."

ఇద్దరం ఒకేసారి ఒకరినొకరం చూసుకున్నాం. అత్తగారి చెయ్యి పటం వెనక్కి పోయి రెండుసార్లు తట్టడం నా కళ్ల ముందు కనబడింది.

"అమ్మకు ఎరికే" అన్నది వదిన.

"ఎరికైతే నీకెందుకు చెప్పలేదు?"

"చెప్పింది కదనే. రోజూ చెప్పింది. నేనే సరిగ్గ ఇన్లే."

అత్తగారు 1968లో పోయింది. అడగడానికి ఎవరూ లేరు. పన్నెండేళ్ల పిల్లయిన వదిన అప్పటికే ముందున్న ముఖంతో మాట్లాడడం మొదలుపెట్టిందని, మనసు విరవడం ఎందుకని ఊరుకుందా? లేక నాలాగే ఆమె కూడా అండ అనే అర్థంలోనే అన్నదా, పటం వెనక తట్టింది నిజంగా బల్లి కోసమేనా? ఆమెకు తెలుసు అంటే సాయిబు తాత తప్పు తప్పు కాదు, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నది. తెలియదు అంటే అది అరవై ఏళ్ల క్రితమే రాలిపోవలసిన ఉత్త మాట. నోటు పుస్తకంలో రెండు వైపులా కారణాలు రాసి చూశాను. రెండు వైపులా సమానంగా వచ్చాయి.

మర్నాడు పొద్దున వదిన తన తీర్పు చెప్పింది. "ఎట్లున్నదో అట్లనే కట్టమను. ముందర ఈయన, ఎనక ఆయన."

"అది చర్చిలో పెడతారు వదినా. ఇంగ్లీషువాళ్ల చక్రవర్తిని చర్చిలో పెట్టుడేంది? దొర ఫోటోనే పెద్దగ చేయిద్దాం."

"నీడను పెద్దగ చేస్తే పెద్ద నీడైతది. దానితోని నేనేం మాట్లాడాలె? ఇన్నేండ్లు ఎనక ఉన్నాయన్ని ఎనకనే ఉండనియ్యి. చర్చి సంగంల అందరికి నేనే చెప్త, ముందరున్నది ఎవరో ఎనకున్నది ఎవరో."

"నవ్వుతరు."

"ఎవరే నవ్వేది? సంగంల సగం మందిని నేనే బయటికి తీసిన. ఒంటి మీద గుడ్డ లేకుండ బిత్తలగ చూసిన. నన్ను చూసి నవ్వుతరా?"

"రేకు మీద నేను అబద్ధం రాయను."

"నిన్నెవరు రాయమన్నరు? అమ్మ మాట రాయి."

ఆ మాట రాశాను. "దొరగారు వెనక ఉన్నారు." రేకు చూసి వదిన పెదవి విరిచింది. "గారెందుకే? అమ్మ గట్ల అన్లే." కానీ రాతపని అయిపోయింది. పేరు రాయలేదు, ఏళ్లు రాయలేదు. తేదీ లేకుండా నేను రాసిన రాత నా జీవితంలో అదొక్కటే. పండుగకు మూడు రోజుల ముందు అయ్యగారికి అసలు సంగతి చెబుదామని వెళ్లాను. ఆయన షామియానావాళ్లతో, వంటవాళ్లతో తలమునకలుగా ఉన్నాడు. "పటం సంగతి మీకన్నా ఎవరికి తెలుసు టీచరమ్మా, మీరేం రాసినా సరే" అన్నాడు. నోరు తెరిచి మూసుకుని వచ్చేశాను.

నవంబరు 27న చర్చి కిక్కిరిసింది. తల్లాడ నుంచి కూడా చుట్టాలు దిగారు. పటం తగిలించడానికి వచ్చిన సాయిబు వెనక బల్ల మీద కూర్చుండిపోయాడు. అయ్యగారు రేకు మీది మాట గట్టిగా చదివాడు. "దొరగారు వెనక ఉన్నారు! ఎంత ధైర్యమిచ్చే మాట!" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.

తర్వాత వదిన కర్ర పట్టుకుని లేచింది. మైకు వద్దంది. పటం వైపు కర్ర ఎత్తింది.

"ముందర కనపడేటాయన రాజు" అన్నది.

"స్తోత్రం!" అన్నారు ఆడవాళ్ల వైపు నుంచి.

"ఆయన్ని నేనెన్నడు చూడలే. ఆయన నన్ను ముట్టలే. నన్ను చేతులల్లకు తీసుకున్నాయన, బతికిచ్చినాయన, రాజు ఎనక ఉన్నడు. కనపడడు. నాకు ఈ నెలలనే తెల్సింది. డెబ్బై ఏండ్లు నేను మొఖం ఎవరిదో తెల్వకుండనే చెప్పుకున్న. అయినా పానాలు నిలబడ్డయి. గంతే నా సాక్ష్యం."

చర్చి అంతా ఒక్కసారిగా ఆమేన్, స్తోత్రం అని మోగింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. అయ్యగారు లేచి అరగంట ఆ మాట మీదే మాట్లాడాడు. మన రాజు ఎప్పుడూ ముందు నడుస్తాడట, సేవ చేసినవాడు కనబడకుండా ఆయన వెనక ఉంటాడట, నర్సమ్మగారు ఎంత లోతైన సంగతి చెప్పిందో అందరూ గ్రహించాలట. మా చర్చిలో రాజంటే ప్రభువు ఒక్కడే. ఇంకో రాజు ఉంటాడన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని పక్కనున్నవాళ్లు వీపు నిమిరారు. నాకు తెలుసు, ఆమె నవ్వుతోంది.

భోజనాల దగ్గర సాయిబు నా పక్కకు వచ్చాడు. "చెప్పిన్రు కదా టీచరమ్మా?"

"చెప్పింది."

"ఎవ్వరు ఇన్లే."

"ఇన్నరు. వేరేది ఇన్నరు."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన తాత బయటపడలేదు.

ఇంటికి వచ్చాక వదిన మంచం మీద కాళ్లు చాపుకుని అడిగింది. "నేను చెప్పిన్నా, లేదా?"

"చెప్పినవు."

"ఒక్క అబద్ధమన్న ఆడిన్నా?"

"లేదు."

"ఇగ నాది అయిపోయింది. నీకేమన్న మిగిలి ఉంటే నువ్వు చెప్పుకో."

మిగిలింది. ఇంకా మిగిలే ఉంది. నిజం చెప్పి, విన్నవాళ్లకు ఇంకోటి చేరితే అది చెప్పినట్టేనా? నలభై ఏళ్లు బడిలో జవాబు తప్పయితే సున్నా వేశాను, దారి సరిగ్గా ఉండి జవాబు తప్పయితే సగం మార్కులు వేశాను. జవాబు సరిగ్గా చెప్పాక వినేవాళ్లు తప్పుగా రాసుకుంటే ఎన్ని వేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. 1980 నాటి చిన్న పుస్తకంలో, నా దగ్గరున్న ప్రతిలో, నలభై అయిదేళ్లు అన్న చోట పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టాను. కరుణ గల కళ్లు అన్న చోట కూడా పెట్టబోయాను. చెయ్యి రాలేదు. వదిన ఆ కళ్లనే చూసి అన్ని కాన్పులకు పోయింది కదా.

2008లో వదిన పోయింది. వాన పడుతున్న మంగళవారం. పోయే ముందు పటం గురించి ఏమీ అనలేదు.

2009 మే నెలలో చర్చికి సున్నం వేయించారు. సామాను జాగ్రత్తగా చూడడానికి నేను వెళ్లి కూర్చున్నాను. పటం దించి మొదటి బల్లకు ఆనించారు. గడ్డపాయన ముఖం బల్ల చెక్కకు, వీపు నా వైపు. చీలలు లెక్కపెట్టాను. పదకొండు వెదురువి, విరిగిన దాని బదులు సాయిబు కొట్టిన ఇనప మేకు ఒకటి. పన్నెండు. మేకుకు అప్పుడే తుప్పు మొదలైంది. ఆ అట్టకు అవతల గులాబి రంగు నేల, ముసలి రాణి, వాళ్లకు అవతల టోపీ నీడలో ఒక మనిషి నా వైపే చూస్తూ ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్లలో ఆయన మనుషుల వైపు తిరిగి ఉండడం ఇదే మొదటిసారి అనుకున్నాను. వెంటనే గుర్తొచ్చింది, కాదు, సాయిబు బల్ల మీద ఒకసారి, వదిన మంచం మీద ఒకసారి. మూడోసారి.

సున్నం పని చేసే మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి పటం ఎత్తాడు. వెనక్కి ముందుకి తిప్పి చూశాడు. దించక ముందే అద్దమంతా సున్నం చిమ్మి, లోపల ఏమీ కనబడడం లేదు.

"అమ్మా, దీనికి మొఖం ఎటుంది? ఎటు తగిలియ్యాలె?"

అతను పటం చేతుల్లో పట్టుకుని, ఇంకోసారి అడిగి, నిలబడే ఉన్నాడు.